రాత్రి చుట్టుకుంటే పొద్దున్నే రింగులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల మీ ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కర్లింగ్ ఐరన్ ముట్టుకోకుండా ఇంట్లోనే జుట్టుని రింగులు తిప్పుకోవడం ఎలా అని. బెంగళూరు పీజీల్లో ఉండే అమ్మాయిలు ఎక్కువగా రాశారు, చెన్నై నుంచీ వచ్చాయి, అమ్మలు కూడా అడిగారు. అందుకే మొటిమలు, గోళ్ల సంగతులు వచ్చే నెలకి జరిపి, ఈసారి మొత్తం జుట్టుకే ఇచ్చేస్తున్నాను. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను కాబట్టి మీ ఊరు, మీ అక్షరం కనపడకపోయినా మీ జవాబు ఇక్కడే ఎక్కడో ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

అక్కా, నేను మారతహళ్లిలో పీజీలో ఉంటాను. ఐరన్, డ్రయ్యర్ పెడితే ఎంసీబీ స్విచ్ పడిపోయి కరెంటు పోతోందని మా ఓనర్ ఆంటీ వాటిని వాడనివ్వరు. వచ్చే నెల నెల్లూరులో మా పిన్ని కూతురి పెళ్లి. నా జుట్టు నడుము దాకా ఉంటుంది, ఎక్కడా చిన్న వంపు కూడా లేని స్ట్రెయిట్ జుట్టు. తల మీద గౌను బెల్ట్ (నైట్ గౌనుకి నడుము దగ్గర కట్టుకునే మెత్తటి గుడ్డ పట్టీ) పెట్టి, దానికి జుట్టు చుట్టుకుని పడుకుంటే పొద్దున్నే రింగులొస్తాయని వీడియోల్లో చూసి నేనూ చేశాను. పైన అంతా అణిగిపోయింది, కింద కొసలు మాత్రం వంకర్లు తిరిగాయి, ఆఫీసుకి చేరేసరికి అవీ పోయాయి. నా జుట్టుకి అసలు రింగులు పడవా?
— ఎస్., మారతహళ్లి, బెంగళూరు

పడతాయి. మీ జుట్టులో ఏ లోపమూ లేదు, తడి లెక్క తప్పింది, అంతే. ఈ ఒక్క విషయం బాగా అర్థమైతే మిగతా చిట్కాలన్నీ మీకు మీరే కనిపెట్టుకోగలరు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

వెంట్రుక అంటే కెరటిన్ అనే ప్రోటీన్. ఆ ప్రోటీన్ పోగుల్ని పట్టి ఉంచేవాటిలో హైడ్రోజన్ బంధాలు అనేవి ఉంటాయి. నీళ్లు తగిలితే అవి విడిపోతాయి, ఆరిపోతే మళ్లీ కట్టుకుంటాయి. ఆరే సమయానికి జుట్టు ఏ ఆకారంలో ఉందో ఆ ఆకారంలోనే కట్టుకుంటాయి. తడి జుట్టుకి జడ వేసుకుంటే విప్పాక అలలు కనిపించేది ఇందుకే. ఐరన్ చేసేదీ ఇదే పని, కాకపోతే 150 నుంచి 230 డిగ్రీల వేడి పెట్టి కొన్ని సెకన్లలో చేసేస్తుంది, అంత వేడి మాటిమాటికీ తగిలితే వెంట్రుక పైపొర పాడై కొసలు చిట్లిపోతాయి. మనం ఆ వేడి బదులు ఒక రాత్రి టైము ఇస్తున్నాం. అంటే చుట్టేటప్పుడు కాస్త తడి ఉండాలి, విప్పే సమయానికి చుక్క కూడా ఉండకూడదు. ఎక్కువమంది దెబ్బతినేది ఈ రెండో దగ్గరే.

నడుము దాకా ఉన్న జుట్టుని రెండే పాయలు చేసి, చెరో వైపు బెల్ట్‌కి చుట్టేస్తే లోపలి పొరలకి గాలి ఎక్కడ తగులుతుంది చెప్పండి? పొద్దున లేచి చేత్తో తడిమితే పైకి ఆరినట్టే ఉంటుంది. విప్పుతుంటే లోపలి జుట్టు వేళ్లకి చల్లగా తగులుతుంది, ఆ చల్లదనమే తడి. అలాంటి జుట్టు విప్పిన కాసేపటికే తన పాత ఆకారానికి వెళ్లిపోతుంది. మీరు ఆఫీసుకి చేరేలోపు జరిగింది అదే అయ్యుండాలి. వీడియోల్లో చాలామంది తలస్నానం చేసి నీళ్లు కారుతున్న జుట్టుని చుట్టేస్తుంటారు, అలా చేయకండి. జుట్టు తడిసినప్పుడు ఎక్కువ సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది కూడా, కాబట్టి నీళ్లోడే జుట్టుని లాగి చుట్టడం రెండు విధాలా నష్టమే.

సాయంత్రం ఆరు, ఏడింటికల్లా తలస్నానం చేసేయండి. కండిషనర్ కొసలకి కొద్దిగా చాలు, కుదుళ్ల దగ్గర వద్దే వద్దు. టవల్‌తో రుద్దకుండా పాత కాటన్ టీషర్ట్‌తో అద్ది, పళ్లు వెడల్పుగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసుకుని, ఫ్యాన్ కింద కూర్చుని ఆరబెట్టుకోండి. ఎంత ఆరాలి అంటే, ఒక పాయని పిడికిట్లో పట్టి నొక్కితే చేతికి తడి అంటకూడదు, అదే పాయని బుగ్గకి ఆనిస్తే మాత్రం కొంచెం చల్లగా అనిపించాలి. అదీ చుట్టే సమయం. అంతకన్నా ఆరిపోతే టెన్షన్ పడాల్సిన పని లేదు, స్ప్రే బాటిల్‌తో పాయకి రెండు, మూడుసార్లు కొట్టి చుట్టుకోవచ్చు. మీలాంటి ఒత్తు జుట్టుకి నిజానికి ఇదే మంచిది: ముందు రోజు తలస్నానం చేసి, జుట్టు పూర్తిగా ఆరాక, మర్నాడు రాత్రి స్ప్రేతో తడుపుకోవడం.

పైన అణిగిపోవడానికి కారణం చుట్టడం మొదలుపెట్టిన చోటు. చెవి దగ్గర మొదలుపెడితే రింగు చెవి కిందే మొదలవుతుంది, పైన జుట్టు తలకి అంటుకునే ఆరిపోతుంది. బెల్ట్‌ని నడినెత్తి మీద పెట్టి, జారకుండా రెండు క్లచర్లు పెట్టుకోండి. నుదుటి దగ్గర సన్నటి పాయ తీసుకుని బెల్ట్ మీదుగా వెనక్కి తిప్పి ముందుకి తెండి, తర్వాతి చుట్టులో పక్కనున్న కాస్త జుట్టు దానికి కలపండి, ఫ్రెంచ్ జడలో కలుపుకుంటూ పోతాం కదా అలాగే. ప్రతి చుట్టూ ముఖం నుంచి వెనక్కే తిరగాలి. ఇంకో సంగతి, పాయని మెలిపెట్టి తాడులా చుట్టకండి, రిబ్బన్‌లా పరిచి చుట్టండి. మెలిపెడితే రింగు రాదు, నలిగినట్టు వస్తుంది. నడుము దాకా జుట్టు ఒక్క బెల్ట్‌కి ఎక్కువే, కాబట్టి పైసగం బెల్ట్‌కి చుట్టి, కిందిసగాన్ని రెండు మూడు వదులు జడలు అల్లేయండి. విప్పాక రెండూ కలిసిపోతాయి, తేడా ఎవరికీ తెలియదు. బెల్ట్ లేకపోతే పాత కాటన్ చున్నీ మెలితిప్పినా సరిపోతుంది. నాకైతే పాలిస్టర్ కన్నా కాటనే ఇష్టం, ఎందుకంటే అది తడిని పీల్చుకుంటుంది, జుట్టు జారిపోదు. కానీ చాలా పొడిబారిన జుట్టు ఉన్నవాళ్లకి శాటిన్ మేలు, రాపిడి తక్కువ.

పెళ్లికి ముందు ఏదో ఒక శనివారం రాత్రి ఒకసారి చేసి చూసుకోండి. అక్కడికి వెళ్లాక ఒక్కటి గుర్తుంచుకోండి: బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పొడిగా ఉంటుంది. నెల్లూరు తీరానికి దగ్గర, గాలిలో తేమ ఎక్కువ. ఇక్కడ సాయంత్రం దాకా నిలిచిన రింగు అక్కడ మధ్యాహ్నానికే సాగిపోవచ్చు. కాబట్టి మీకు కావలసిన దానికన్నా కాస్త చిన్న రింగులే వేసుకోండి, వదులయ్యాక సరిగ్గా కుదురుతాయి. చుట్టే ముందు జెల్ తప్పకుండా రాయండి, ఎలాగో కింద చెన్నై అమ్మాయికి రాశాను. చీర కట్టుకుని, మేకప్ అయిపోయాక, ఆఖర్న విప్పండి. కొసల నుంచి పైకి ఒక్కో పాయే విప్పాలి, బెల్ట్‌ని పట్టుకుని లాగేస్తే అన్నీ చిక్కుపడతాయి. దువ్వెన తీయకండి, వేళ్లతోనే విడదీయండి. విప్పగానే మరీ బిగుతుగా, చిన్నపిల్లల రింగుల్లా కనిపిస్తాయి, కంగారుపడి నీళ్లు మాత్రం అద్దకండి. పది, పదిహేను నిమిషాల్లో వాటంతట అవే దిగుతాయి. మల్లెపూలు పెట్టుకోవాలనుకుంటే రెండు పక్కల నుంచి పైజుట్టు తీసి వెనక పిన్ను పెట్టి, దాని మీద పెట్టుకోండి. రింగుల మీదే నేరుగా వేలాడదీస్తే పూల బరువుకీ తడికీ ఆ భాగం సాగిపోతుంది.

మేడమ్, నాది భుజాల దాకా వచ్చే లేయర్ కట్. బెల్ట్‌కి చుడితే ముందు పాయలు జారిపోతున్నాయి. సాక్సులు, ఫోమ్ రోలర్లు, వెల్క్రో రోలర్లు అని రకరకాలు చెబుతున్నారు. ఏది కొనమంటారు?
— వి., హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బెంగళూరు

ఏదీ కొనకండి, ముందు ఇంట్లో ఉన్న పాత కాటన్ పంచెనో దుప్పటినో అడిగి తీసుకుని, రెండు వేళ్ల వెడల్పు, జానెడు పొడవు పేలికలుగా చింపుకోండి. పొట్టి జుట్టుకి, లేయర్లున్న జుట్టుకి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. సన్నటి పాయ తీసుకుని దాని కొసని పేలిక మధ్యలో పెట్టి, కొస బయటికి రాకుండా మొదటి చుట్టు జాగ్రత్తగా తిప్పి, అక్కడి నుంచి కుదుళ్ల దాకా చుట్టుకుంటూ వెళ్లి, పేలిక రెండు చివర్లూ ముడేయండి. తలకింద గట్టిగా ఏమీ ఉండదు, నిద్ర హాయిగా పడుతుంది. చిన్న పాయలు కాబట్టి త్వరగా ఆరుతాయి కూడా. ముందున్న పొట్టి పాయల్ని రెండు వేళ్ల మీద చుట్టి, ఆ చుట్టని తలకి ఆనించి, రెండు స్లైడు పిన్నులు అడ్డంగా నిలువుగా పెట్టేసినా చాలు.

సాక్సుతో వచ్చేది రింగు కాదు, పెద్ద అల. అది నచ్చితే బాగానే ఉంటుంది. ఫోమ్ రోలర్లు ఫ్యాన్సీ స్టోర్లలో దొరుకుతాయి, మెత్తగా ఉంటాయి, పడుకోవచ్చు. వెల్క్రో రోలర్లు పడుకోవడానికి పనికిరావు, పగలు గంటో రెండు గంటలో పెట్టుకుని పైజుట్టుకి ఎత్తు తెచ్చుకోవడానికే. ఒత్తుగా, పొడవుగా ఉన్న జుట్టులో వాటిని పెడితే ఇరుక్కుని ఊడదీయడమే పెద్ద పనవుతుంది.

అక్కా, చెన్నైలో వేళచ్చేరి నుంచి రోజూ లోకల్ ట్రైన్‌లో వెళ్తాను. రాత్రంతా చుట్టుకుని పొద్దున విప్పితే అద్దంలో ఎంతో బాగుంటుంది. స్టేషన్‌కి చేరేసరికి సగం, ట్రైన్ దిగేసరికి మొత్తం పోయి, పైగా జుట్టంతా పొంగిపోతుంది. చెన్నైలో ఇది కుదరని పనేనా?
— ఆర్., వేళచ్చేరి, చెన్నై

కుదురుతుంది గానీ బెంగళూరు అమ్మాయిల కన్నా మీరు ఒక మెట్టు ఎక్కువ కష్టపడాలి. పైన చెప్పిన హైడ్రోజన్ బంధాలకి కుళాయి నీళ్లూ, గాలిలో తేమా రెండూ ఒకటే. వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం దాకా నీటిని పీల్చుకోగలదు, సముద్రపు గాలిలో నిలబడితే అది ఆ పనే చేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీకు వానలు, ఆ నెలల్లో మరీ కష్టం. మీరెంత బాగా చుట్టినా ఆ తేమని ఆపేదేదో జుట్టు మీద ఉండాలి.

అందుకు అవిసె గింజల జెల్ చేసుకోండి. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్లు గిన్నెలో పోసి మధ్యస్థంగా మంట పెట్టి కలుపుతూ ఉండండి. ముందు పైన తెల్లటి నురగ వస్తుంది, తర్వాత నీళ్లు చిక్కబడతాయి. గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతూ జారిందంటే వెంటనే స్టవ్ కట్టేయండి. వేడిగా ఉండగానే పల్చటి గుడ్డలో వడకట్టాలి, చల్లారనిస్తే గింజలు జెల్‌ని వదలవు, ఎంత పిండినా రాదు. చేతులు కాలకుండా పట్టకారుతో గుడ్డని నొక్కండి. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది, అంతకు మించి వాసన మారుతుంది, పారేయండి. చుట్టే ముందు ఒక్కో పాయకి పల్చగా పట్టించండి. ఆరాక జుట్టు కాస్త గట్టిగా, పెళుసుగా తగులుతుంది. విప్పిన తర్వాత ఒక చుక్క సీరం అరచేతుల్లో రుద్దుకుని రింగుల్ని కింద నుంచి పైకి మెల్లగా నలిపితే ఆ గట్టిదనం పోయి మెత్తబడతాయి. సిలికాన్ ఉన్న సీరం అయితే బయటి తేమని కూడా కొంత అడ్డుకుంటుంది. ఇంత పని ఎందుకనుకుంటే బజార్లో దొరికే హెయిర్ మూస్ (జుట్టుకి రాసుకునే నురగ) గానీ, స్ట్రాంగ్ హోల్డ్ జెల్ గానీ కొనుక్కోవచ్చు, తప్పేమీ లేదు. కానీ కొనేటప్పుడు వెనక పదార్థాల జాబితా చూడండి, గ్లిజరిన్ మొదట్లోనే కనిపిస్తే మీ ఊరికి అది వద్దు. అది తేమని లాగే పదార్థం, చెన్నై గాలిలో జుట్టుని ఇంకా పొంగిస్తుంది.

కొబ్బరినూనె గురించి కూడా అడిగారు. తలస్నానానికి ముందు రాస్తే మంచిదే, కొబ్బరినూనె వెంట్రుక లోపలికి వెళ్లి ప్రోటీన్ పోకుండా కాపాడుతుందని 2003లో వచ్చిన పరిశోధనలో కూడా తేలింది. కానీ చుట్టే ముందు మాత్రం రాయకండి. నూనె బరువుకి రింగు నిలవదు.

ట్రైన్ ప్రయాణానికి నా సలహా: ఇంట్లోనే జుట్టు వదిలేసుకోకండి. చుట్టలు విప్పి జెల్ గట్టిదనం పోకముందే రెండు వదులు ముడులుగా పైకి పెట్టుకుని, వాటి మీద స్కార్ఫ్ కట్టుకుని వెళ్లి, ఆఫీసు ఏసీలోకి వెళ్లాక వదులుకోండి. ఏసీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ నిలుస్తాయి.

తడి తలతో పడుకుంటే జలుబు చేస్తుందని మా అమ్మ రోజూ గొడవ. నిజమేనా ఆంటీ?
— పి., బీటీఎం లేఅవుట్, బెంగళూరు

జలుబు వైరస్ వల్ల వస్తుంది, తడి జుట్టు వల్ల కాదు. అయినా ఈ విషయంలో నేను మీ అమ్మగారి పక్షమే. మాడు తడిగా ఉండగానే దిండు మీద పెట్టి రాత్రంతా ఉంటే చుండ్రు ఉన్నవాళ్లకి అది ముదురుతుంది, ఎందుకంటే దానికి కారణమైన ఫంగస్‌కి వెచ్చదనం, తేమ, మాడు మీద నూనె, ఈ మూడూ ఇష్టమే. మనకి తడి కావలసింది పాయల్లో, మాడు మీద కాదు. మాడు పూర్తిగా ఆరబెట్టుకున్నాకే చుట్టుకోండి. ఇంట్లో ఉంటే అమ్మ సాంబ్రాణి వేస్తానంటే వేయించుకోండి, పొగ సెగకి కుదుళ్లు హాయిగా ఆరిపోతాయి. నిప్పులకి జుట్టు దగ్గరగా వెళ్లకుండా చూసుకోండి.

బెళ్లందూరులో మా అపార్ట్‌మెంట్‌కి బోరు, ట్యాంకర్ నీళ్లే. ఇక్కడికొచ్చాక జుట్టు గడ్డిలా తయారైంది. ఏ పద్ధతిలో చుట్టినా రింగులు మెరుపు లేకుండా, చిందరవందరగా వస్తున్నాయి. విజయవాడ వెళ్లినప్పుడు అదే జుట్టు బాగుంటోంది. నీళ్లదే తప్పా?
— కె., బెళ్లందూరు, బెంగళూరు

చాలావరకు నీళ్లదే. కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎత్తిపోసి ఊళ్లోకి తెస్తారు, బయటి లేఅవుట్లలో చాలాచోట్ల అవి చాలక బోరు, ట్యాంకర్ల మీదే బతుకు. 2024 ఎండాకాలంలో ఆ ట్యాంకర్ కోసం కూడా ఎంత ఎదురుచూశామో ఇక్కడున్న వాళ్లందరికీ గుర్తే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. మీ బాత్‌రూం కుళాయి మూతి చుట్టూ తెల్లగా గారకట్టి ఉంటుంది చూడండి, అదే మీ జుట్టు మీదా సన్నగా పేరుకుంటోంది. దానివల్ల వెంట్రుకలు గరుకై ఒకదానికొకటి సర్దుకోవు, అందుకే రింగు నున్నగా రాదు.

నెలకి రెండుసార్లు కీలేటింగ్ షాంపూ, అంటే జుట్టు మీద పేరుకున్న ఆ గారని వదిలించే షాంపూ వాడండి. మామూలు షాంపూ కాకుండా, హార్డ్ వాటర్ కోసమని సీసా మీదే రాసి ఉన్నది అడిగి తీసుకోండి. ఆ రోజు కండిషనర్ కాస్త ఎక్కువే పట్టించాలి, లేకపోతే జుట్టు మరీ పొడిబారుతుంది. మిగతా తలస్నానాలకి ఆఖరి చెంబు మాత్రం ఫిల్టర్ నీళ్లు పోసుకోండి. లీటరు నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలుపుకున్నా మంచిదే, కానీ మాడు మీద పుండ్లు, గీతలు ఉంటే మండుతుంది, అప్పుడు వద్దు. మీకు అలవాటుంటే శీకాయ కూడా ఈ విషయంలో మంచి పని చేస్తుంది, దానికి సహజంగానే పులుపు గుణం ఉంది. షవర్‌కి తగిలించే చిన్న ఫిల్టర్ల మీద డబ్బులు పెట్టేముందు ఆలోచించండి. అవి క్లోరిన్‌ని కొంత తగ్గిస్తాయి గానీ, నీటి గట్టిదనాన్ని పెద్దగా తగ్గించలేవు. స్ప్రే బాటిల్‌లో కూడా బోరు నీళ్లు పోయకండి, చుట్టే ముందు కొట్టుకునేది ఫిల్టర్ నీళ్లయితే తేడా మీకే తెలుస్తుంది.

వారంలో నాలుగైదు రాత్రులు చుట్టుకునే పడుకుంటున్నాను. పొద్దున లేచేసరికి కణతల దగ్గర నొప్పి. ఈమధ్య పాపిడి పక్కన, చెవుల పైన జుట్టు పల్చబడినట్టుంది.
— ఎల్., ఎలక్ట్రానిక్ సిటీ, బెంగళూరు

ఈ రోజు నుంచే ఆపేయండి. కుదుళ్లని రోజూ లాగి ఉంచితే ఊడిపోయే సమస్య ఉంది, డాక్టర్లు దాన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారు. మొదట్లో లాగడం మానేస్తే జుట్టు తిరిగి వస్తుంది, ఏళ్ల తరబడి సాగితే ఆ కుదుళ్లు శాశ్వతంగా పోతాయి. వేడి లేదు కాబట్టి ఎంత చేసినా నష్టం లేదని చాలామంది అనుకుంటారు, వేడి ఒక్కటే కాదు నష్టం చేసేది. రెండు, మూడు నెలలు జుట్టుని వదులుగా ఉంచండి, పల్చబడటం ఆగకపోతే చర్మవ్యాధుల డాక్టర్‌కి చూపించండి. పార్లర్‌లో అడగడం కాదు, డాక్టర్‌కే చూపించాలి. మళ్లీ మొదలుపెట్టినా వారానికి ఒక రాత్రికి మించొద్దు, చుట్టాక కనుబొమలు పైకెత్తి చూడండి, మాడు ఎక్కడైనా లాగినట్టనిపిస్తే విప్పి మళ్లీ చుట్టుకోవాల్సిందే. ఇది అందరికీ చెబుతున్నాను.

మా పాపకి ఎనిమిదేళ్లు. స్కూల్ యాన్యువల్ డేకి రింగులు కావాలన్నారు. ఐరన్ పెట్టించడానికి మనసొప్పడం లేదు.
— ఎం., వైట్‌ఫీల్డ్, బెంగళూరు

పెట్టించకండి. పేలికలే చుట్టండి, లేదా రాత్రి కాస్త తడి జుట్టుకి ఆరేడు సన్నజడలు అల్లి కొసలకి మెత్తటి రబ్బరు బ్యాండ్లు పెట్టండి. పిల్లల జుట్టు సన్నం, త్వరగా ఆరుతుంది, అంతే త్వరగా సాగిపోతుంది, కాబట్టి స్టేజీ ఎక్కే ముందు, గ్రీన్‌రూంలోనే విప్పండి. హెయిర్ స్ప్రే కొట్టాల్సి వస్తే కళ్లకీ ముక్కుకీ చెయ్యి అడ్డం పెట్టి, గాలి ఆడే చోట కొట్టండి.

నా జుట్టు స్ట్రెయిటూ కాదు, రింగులూ కాదు. దువ్వగానే పొదలా లేస్తుంది. చిన్నప్పటి నుంచీ అందరూ పిచ్చి జుట్టు అంటారు. చుట్టుకుంటే ఒక చోట రింగు, ఒక చోట ముడత. ఏం చేయను?
— డి., రాజాజీనగర్, బెంగళూరు

ఈ ఉత్తరం చదివి బాధేసింది. మీరు రాసిన గుర్తుల్ని బట్టి మీది పుట్టుకతోనే అలల జుట్టు, ఇన్నాళ్లూ దాన్ని స్ట్రెయిట్ జుట్టులా చూసుకోవడం వల్లే ఇలా ఉంది. అలల జుట్టుని ఆరాక దువ్వితే ప్రతి వెంట్రుకా విడిపోయి పొంగుతుంది, అందులో పిచ్చితనం ఏమీ లేదు. మీరు దేనికీ చుట్టుకోనక్కర్లేదు. ఒక ఆదివారం ఇలా చేసి చూడండి: తలస్నానంలోనే, కండిషనర్ ఉండగానే చిక్కంతా తీసేసుకోండి. నీళ్లోడుతున్న జుట్టుకే కాస్త జెల్ పట్టించి, తల ముందుకి వంచి, పాయల్ని అరచేతిలో గిన్నెలా పట్టుకుని కొసల నుంచి పైకి నొక్కండి. టీషర్ట్‌తో అలాగే నొక్కి నీళ్లు తీయండి. ఇక ఆరేదాకా చెయ్యి పెట్టకండి, దువ్వెన అసలే వద్దు. మీ అలలు ఎలాంటివో ఆ రోజు మీకే కనిపిస్తాయి. ముందు రెండు పాయలు మొండికేస్తే వాటిని మాత్రం వేలికి చుట్టి పిన్ను పెట్టండి. నొక్కడం, ఆరనివ్వడం అలవాటయ్యాక ఫలితం వారం వారం మెరుగవుతుంది. పిచ్చి జుట్టు అన్నవాళ్లకి జవాబు చెప్పాలని కూడా అనుకోకండి, హాయిగా వదులుకుని తిరగండి.

రోజూ చుట్టుకుంటూ ఉంటే కొన్నాళ్లకి శాశ్వతంగా రింగులైపోతాయా? లేక పర్మింగ్ చేయించుకోవాల్సిందేనా?
— జె., మల్లేశ్వరం, బెంగళూరు

అవ్వవు. మళ్లీ తల తడిస్తే మొదటికే వస్తుంది. నీళ్లకి విడిపోనివి డైసల్ఫైడ్ బంధాలు, వాటిని మార్చాలంటే రసాయనమే కావాలి, పర్మింగ్ చేసేది ఆ పనే. 1906లో లండన్‌లో కార్ల్ నెస్లర్ మొదటిసారి చేసి చూపించినప్పుడు గంటల తరబడి వేడి యంత్రం కింద కూర్చోవాల్సి వచ్చేది, 1930ల చివర్లో వేడి లేని కోల్డ్ వేవ్ వచ్చింది, ఇప్పటికీ పార్లర్లలో ఎక్కువగా చేసేది ఆ దారిలోనే. అప్పటికే రంగు వేయించుకున్న జుట్టుకి, స్మూతెనింగ్ చేయించుకున్న జుట్టుకి దాని మీద మళ్లీ పర్మింగ్ వద్దనే చెబుతాను, తెగిపోయే ప్రమాదం ఎక్కువ. పెరిగే కొత్త జుట్టు ఎలాగూ పాత తీరులోనే వస్తుంది కాబట్టి నెలల తర్వాత పైన స్ట్రెయిట్, కింద రింగులు అన్న అవస్థ కూడా ఉంటుంది. పండక్కీ పెళ్లికీ కావాలంటే రాత్రి చుట్టుకోవడమే నయం.

నేను అబ్బాయిని, జుట్టు మెడ దాకా పెంచాను. ఇవన్నీ మాకు పనిచేస్తాయా?
— టి., కోరమంగళ, బెంగళూరు

పనిచేస్తాయి, జుట్టుకి ఆడా మగా తేడా లేదు. మెడ దాకా ఉన్న జుట్టుకి పేలికలు ఎక్కువ పని. కొంచెం తడి జుట్టులో జెల్ రాసి, చూపుడువేలికి పాయ పాయగా చుట్టి వదిలేయండి, ఫ్యాన్ గాలికి గంటలో ఆరిపోతుంది. హెల్మెట్ పెట్టుకునే రోజైతే జుట్టు పూర్తిగా ఆరాకే పెట్టుకోండి. తడి మీద పెడితే హెల్మెట్ కింద అణిగినట్టే ఆరిపోయి, సాయంత్రం దాకా అలాగే ఉంటుంది.